తీవ్ర ఆకస్మిక క్లోమశోథ, అవయవ వైఫల్యాల అధ్యయనంలో జంతు నమూనాలు: ఎంపిక, ప్రయోగ రూపకల్పన, పరిమితులు

సారాంశం

ఆకస్మిక క్లోమశోథకు గురైన రోగులలో అధికులు కొద్దిరోజులలోనే కోలుకొంటారు. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, రక్తప్రసరణ వ్యవస్థ దెబ్బతిని, ఆ వైఫల్యం 48 గంటలు దాటి కొనసాగిన రోగులలో మాత్రం మరణాలు అధికం. ఈ వ్యాధి తొలి గంటలను మనిషిలో పరిశీలించే అవకాశం లేనందున శాస్త్రజ్ఞులు జంతు నమూనాలపై ఆధారపడుతున్నారు. చిట్టెలుకలు, ఎలుకలు, ఒపోసమ్‌లు, పందులు మొదలైన జంతువులలో రూపొందించిన ప్రధాన నమూనాలను, ఒక్కొక్కటి ఏ ప్రశ్నకు సమాధానమివ్వగలదో, ఏ ప్రశ్నకు ఇవ్వలేదో ఈ వ్యాసంలో వివరించడమైనది. జంతువులలో ఫలించిన చికిత్సలు రోగులలో విఫలమైన రెండు సందర్భాలను పరిశీలించి, క్షేత్ర ప్రయోగాల గణాంక సూత్రాలు ఈ పరిశోధనలకు ఎలా వర్తిస్తాయో చర్చించడమైనది.

ముఖ్య పదాలు: క్లోమశోథ, అవయవ వైఫల్యం, జంతు నమూనా, ప్రయోగ యూనిట్, ఆవృతి, సెరులిన్, టారోకోలేట్

1. ఉపోద్ఘాతం

క్లోమం జీర్ణాశయం వెనుక అడ్డంగా అమరి ఉన్న మెత్తని గ్రంథి. రక్తంలోకి ఇన్సులిన్‌ను విడుదల చేయడంతో పాటు, మాంసకృత్తులను, కొవ్వులను, పిండిపదార్థాలను జీర్ణం చేసే ఎంజైములను ఆంత్రమూలంలోకి పంపడం దీని పని. మాంసకృత్తులను కరిగించే ట్రిప్సిన్ క్లోమంలో ఉన్నంతసేపు ట్రిప్సినోజెన్ అనే నిష్క్రియ రూపంలో ఉండి, పేగులోకి చేరిన తరువాతనే చురుకుదనం పొందుతుంది. ఈ కట్టుబాటు తప్పి, ఎంజైములు గ్రంథిలోనే చురుకుగా మారినపుడు క్లోమం తన్ను తానే జీర్ణించుకొనడం మొదలిడుతుంది. వైద్యులు అక్యూట్ పాంక్రియాటైటిస్‌గా వ్యవహరించే ఆకస్మిక క్లోమశోథ ఇదే. పిత్తాశయ రాళ్ళు, మద్యపానం దీనికి ప్రధాన కారణాలు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు మితిమీరడం, కొన్ని మందులు, కొన్ని విషాలు ఇతర కారణాలు.

2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం ఈ వ్యాధిని స్వల్ప, మధ్యస్థ, తీవ్ర రూపాలుగా విభజించారు. ఇందులో గమనించవలసిన విషయమొకటి ఉంది. క్లోమం ఎంత చెడిందన్నది తీవ్రతకు కొలబద్ద కాదు. శ్వాస, రక్తప్రసరణ, మూత్రపిండ వ్యవస్థలలో ఒకటైనా విఫలమై, ఆ స్థితి 48 గంటలకు మించి కొనసాగితేనే దానిని తీవ్ర రూపంగా పరిగణిస్తారు. మంట క్లోమంలో రగిలినా, ప్రాణం పోయేది ఊపిరితిత్తులలోనో, మూత్రపిండాలలోనో దాని సెగ తగిలినందువలన.

రోగి ఆసుపత్రికి చేరేసరికి నొప్పి మొదలై కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో గడచి ఉంటాయి. వాచిన క్లోమం నుండి పరీక్షకు ముక్క తీయడం సాధారణంగా సాధ్యం కాదు. అందువలన తొలి గంటలలో జరిగే మార్పులను తెలుసుకొనుటకు జంతు నమూనాలే ప్రధానాధారమయ్యాయి.

సస్యశాస్త్ర ఆచార్యుడు ఈ అంశాన్ని చేపట్టుటకు కారణం చెప్పవలసి ఉంది. మన దేశంలో జంతువులపై ప్రయోగాలు జరిపే ప్రతి సంస్థలోను జంతు నైతిక సంఘం ఉండాలి. అందులో వేర్వేరు జీవశాస్త్ర విభాగాలకు చెందిన శాస్త్రజ్ఞులకు స్థానముంటుంది. అటువంటి ఒక సంఘంలో సభ్యుడుగా ఈ వ్యాసకర్త క్లోమశోథపై వచ్చిన ప్రతిపాదనలను చదవవలసి వచ్చింది. వ్యాధి శాస్త్రం కొత్తదే అయినా, ప్రతిపాదనలలోని లోపాలు మాత్రం మడులలో మూడు దశాబ్దాలుగా చూస్తున్నవే.

2. చారిత్రక నేపథ్యం

క్లోమశోథను ప్రయోగపూర్వకంగా కలిగించే ప్రయత్నాలకు నూట అరవై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1856లో ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ కుక్క క్లోమనాళంలోకి పైత్యరసాన్ని, ఆలివ్ నూనెను ఎక్కించి వ్యాధిని కలిగించాడు. 1896లో హాన్స్ కియారీ ఇది క్లోమం తన్ను తాను జీర్ణించుకొనే వ్యాధి అని ప్రతిపాదించాడు. 1901లో యూజీన్ ఓపీ, పైత్యరస నాళం, క్లోమనాళం కలిసే ద్వారం వద్ద రాయి ఇరుక్కొనడాన్ని గుర్తించి, పైత్యరసం వెనుకకు మళ్ళి క్లోమంలోకి చేరడమే వ్యాధి కారణమన్న సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చాడు.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో నేటికీ వాడుకలో ఉన్న నమూనాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1975లో ఆహారం ద్వారా, 1977లో సెరులిన్ ద్వారా, 1980లో టారోకోలేట్ ద్వారా, 1984లో ఆర్జినిన్ ద్వారా క్లోమశోథ కలిగించే పద్ధతులు వెలువడ్డాయి.

3. ప్రధాన నమూనాలు

3.1 సెరులిన్ నమూనా

ఆస్ట్రేలియాకు చెందిన ఒక చెట్టుకప్ప చర్మం నుండి వేరుచేసిన పది అమైనో ఆమ్లాల పెప్టైడ్ సెరులిన్. క్లోమానికి ఎంజైములను విడుదల చేయమని సంకేతమిచ్చే కోలిసిస్టోకైనిన్ హార్మోనును ఇది పోలి ఉంటుంది. అవసరానికి మించిన మోతాదులో ఇచ్చినపుడు క్లోమ కణాలు ఎంజైములను తయారు చేస్తూనే ఉంటాయి గాని బయటకు పంపలేవు. నిల్వ ఉన్న ఎంజైములు, కణంలోని లైసోజోములలో ఉండే కాథెప్సిన్-బి ఒకేచోట చేరి, ట్రిప్సినోజెన్ కణం లోపలే ట్రిప్సిన్‌గా మారుతుంది. చిట్టెలుకలకు సాధారణంగా కిలో బరువుకు 50 మైక్రోగ్రాముల చొప్పున గంటకొకసారి ఉదరకుహరంలోకి ఇస్తారు. శస్త్రచికిత్స అవసరం లేదు. ఫలితాలు ప్రయోగశాల నుండి ప్రయోగశాలకు పెద్దగా మారవు. అత్యధికంగా వాడుకలో ఉన్న నమూనా ఇదే.

వ్యాధి పుట్టుకను గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఈ నమూనా చలవే. కాథెప్సిన్-బి జన్యువు లేని చిట్టెలుకలలో వ్యాధి తగ్గినట్లు 2000లో నిరూపించారు. ట్రిప్సినోజెన్-7 అనే రూపం లేని చిట్టెలుకలలో ట్రిప్సిన్ పుట్టకపోయినా శోథ మాత్రం యథాతథంగా కొనసాగినట్లు 2011లో వెల్లడయింది. అనగా ట్రిప్సిన్‌ను అడ్డుకొన్నంత మాత్రాన శరీరమంతా వ్యాపించే మంట ఆగదు. ట్రిప్సిన్ నిరోధకాలు రోగులలో ఆశించిన మేలు చేయకపోవుటకు ఇది ఒక వివరణ.

ఈ నమూనాకు ఉన్న పరిమితి దాని సౌమ్యత. ఎలుకలలో కేవలం నీటివాపుతో కూడిన శోథ కలిగి, కొద్దిరోజులలో తనంతట తానే తగ్గిపోతుంది. మరణాలు అరుదు. ఊపిరితిత్తుల గాయం స్వల్పం. దానిని పెంచుటకు సెరులిన్‌తో పాటు బాక్టీరియా కణకవచపు విషపదార్థమైన లైపోపాలీశాకరైడ్‌ను ఇస్తారు. అప్పుడు కనిపించే గాయంలో క్లోమం వాటా ఎంత, ఆ విషం వాటా ఎంత అన్నది విడదీయుటకు లైపోపాలీశాకరైడ్ మాత్రమే ఇచ్చిన వర్గం తప్పనిసరి.

3.2 ఆర్జినిన్ నమూనా

ఆర్జినిన్ మన ఆహారంలోని సాధారణ అమైనో ఆమ్లం. ఎలుకలలో 100 గ్రాముల బరువుకు 500 మిల్లీగ్రాముల చొప్పున ఒకేసారి ఇచ్చినపుడు క్లోమ కణాలు మరణిస్తాయని 1984లో కనుగొన్నారు. శోథ నెమ్మదిగా పెరిగి సుమారు మూడవ రోజుకు ఉచ్చస్థితికి చేరుతుంది. ఊపిరితిత్తులు కూడా గాయపడతాయి. పద్ధతి చౌక, సులువు. ద్రావణపు ఉదజని సూచికను 7 వద్దకు తేకుండా ఇచ్చినట్లయితే ఆమ్లత్వం వల్ల కలిగిన గాయాన్ని ఆర్జినిన్ ఖాతాలో వేసే ప్రమాదముంది. జంతు వంశాన్ని బట్టి కూడా ప్రతిస్పందన మారుతుంది. మితిమీరిన ఆర్జినిన్ వల్ల క్లోమశోథ కలగడం రోగులలో సాధారణంగా కనిపించే కారణం కాదు కనుక, ఈ నమూనాను వ్యాధి కారణానికి కాక, కణమరణం తదుపరి పరిణామాల అధ్యయనానికి వాడడం సముచితం.

3.3 ఆహార నమూనా

కోలిన్ లేని మేతలో 0.5 శాతం ఇథియోనిన్ కలిపి పెట్టినపుడు లేత వయసు ఆడ చిట్టెలుకలు రక్తస్రావంతో కూడిన క్లోమశోథకు లోనై ఐదు రోజులలో మరణించినట్లు 1975లో నివేదించారు. మగ జంతువులలో ఈ ప్రభావం తక్కువ. తీవ్రత దృష్ట్యా ఇది మనిషిలోని ప్రాణాంతక రూపానికి దగ్గరగా ఉన్నప్పటికీ రెండు చిక్కులున్నాయి. కోలిన్ లోపం, ఇథియోనిన్ కాలేయాన్ని కూడా దెబ్బతీస్తాయి గనుక అవయవ గాయం క్లోమం వల్లనే అని చెప్పలేము. జబ్బుపడిన జంతువు మేత తగ్గిస్తుంది గనుక ఒక్కొక్క జంతువుకు అందిన మోతాదు ఒక్కొక్క రకంగా ఉంటుంది. మేత ప్రయోగాలు చేసిన పశుపోషణ శాస్త్రజ్ఞులకు ఈ రెండవ చిక్కు సుపరిచితమే.

3.4 టారోకోలేట్ నమూనా

పైత్యరస లవణమైన సోడియం టారోకోలేట్‌ను, సాధారణంగా 3 నుండి 5 శాతం ద్రావణంగా, ఎలుక ఉదరం తెరచి క్లోమనాళంలోకి వెనుకదిశగా ఎక్కిస్తారు. గంటలలోనే కణజాల మరణం, రక్తస్రావం, ఉదరంలో ద్రవం చేరడం, ఊపిరితిత్తుల గాయం కనిపిస్తాయి. గాఢత పెరిగినకొద్దీ మరణాలు పెరుగుతాయి. అవయవ వైఫల్య పరిశోధనలో ఇది ప్రధాన నమూనాగా స్థిరపడింది.

అయితే ఫలితం ద్రావణపు గాఢతపైనే గాక పరిమాణం, ఎక్కించే వేగం, పీడనం, చేయి తిరిగిన తనంపై కూడా ఆధారపడుతుంది. సిరంజిని చేతితో నొక్కిన రోజుకు, పంపుతో నడిపిన రోజుకు ఫలితం ఒకటి కాదు. ఎలుకకు పిత్తాశయమే లేదన్న సంగతి కూడా గుర్తుంచుకొనదగినది. పిత్తాశయ రాళ్ళ వ్యాధిని పిత్తాశయం లేని జంతువులో అనుకరిస్తున్నాము.

3.5 నాళ బంధన నమూనా

క్లోమనాళాన్ని కట్టివేయడం రాయి ఇరుక్కొనడానికి అత్యంత సమీపమైన అనుకరణ. ఎలుకలలో నాళాన్ని కడితే స్వల్ప శోథ కలిగి, గ్రంథి క్రమంగా క్షీణిస్తుంది. అమెరికా ఖండపు సంచిజంతువైన ఒపోసమ్‌లో మాత్రం తీవ్రమైన కణజాల మరణం సంభవిస్తుంది. క్లోమనాళాన్ని మాత్రమే కట్టి, పైత్యరసం అందులోకి ప్రవేశించే వీలు లేకుండా చేసినా ఒపోసమ్‌లో వ్యాధి వచ్చినట్లు 1993లో చూపారు. పైత్యరసం వెనుకకు మళ్ళడం తప్పనిసరి కాదని, అడ్డంకి ఒక్కటే చాలునని దీని తాత్పర్యం. ఓపీ సిద్ధాంతాన్ని ఈ ఒక్క జంతువు సవరించవలసి వచ్చేలా చేసింది.

3.6 మద్యం, కొవ్వు నమూనాలు

మద్యం మాత్రమే ఇస్తే జంతువులలో క్లోమశోథ సాధారణంగా రాదు. మద్యాన్ని పామిటోలియిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లంతో కలిపి ఇచ్చినపుడు చిట్టెలుకలలో వస్తుంది. శరీరంలో ఈ రెండూ కలిసి ఏర్పడే కొవ్వు ఆమ్ల ఇథైల్ ఎస్టర్లు కణాల శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలను దెబ్బతీస్తాయి. స్థూలకాయులలో క్లోమం చుట్టూ, లోపల పేరుకొన్న కొవ్వు లైపేజ్ చర్య వల్ల విడిపోయి, అసంతృప్త కొవ్వు ఆమ్లాలుగా మారి, కణాలను చంపి అవయవ వైఫల్యానికి దారితీస్తుందని 2011లో వెలువడిన పరిశోధన సూచించింది. స్థూలకాయుల సంఖ్య పెరుగుతున్న ఈ కాలంలో, బక్కపలుచని లేత జంతువులపైనే ప్రయోగాలు చేయడం ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న ఇక్కడ ఉదయిస్తుంది.

3.7 పంది నమూనా

250 గ్రాముల ఎలుకలో మొత్తం రక్తం సుమారు 16 మిల్లీలీటర్లు. గంటగంటకు రక్తం తీసి పరీక్షించడం అసాధ్యం. పందిలో కృత్రిమ శ్వాస, రక్తపోటు కొలత, సెలైన్ ఎక్కించడం వంటి ఇంటెన్సివ్ కేర్ చర్యలన్నీ రోగికి చేసినట్లే చేయవచ్చు. ఖర్చు, మత్తు వైద్యనిపుణుల అవసరం, తక్కువ సంఖ్యలో జంతువులు అనేవి దీని పరిమితులు. పందిలో క్లోమనాళం, పైత్యరస నాళం ఆంత్రమూలంలోకి వేర్వేరుగా తెరుచుకొంటాయన్నది మరువరాదు.

4. అవయవాలు దెబ్బతినే విధానం, కొలిచే పద్ధతులు

క్లోమంలో చనిపోయిన కణాల నుండి వెలువడే పదార్థాలు రక్తంలోని తెల్లకణాలను రెచ్చగొడతాయి. న్యూట్రోఫిల్ కణాలు ఊపిరితిత్తుల సూక్ష్మ రక్తనాళాలలో చేరి, నాళాల గోడలను బలహీనపరచి, గాలితిత్తులలోకి ద్రవం ఊరేటట్లు చేస్తాయి. ఫాస్ఫోలైపేజ్ ఎంజైము గాలితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ పొరను విచ్ఛిన్నం చేస్తుంది. నాళాల నుండి ద్రవం కారిపోయినందున రక్త పరిమాణం తగ్గి, మూత్రపిండాలకు రక్తం చాలదు. పేగుకు రక్తం తగ్గినపుడు దాని గోడ పలచబడి, బాక్టీరియా, వాటి విషాలు లోపలికి చొరబడతాయి. ఇవి మరల తెల్లకణాలను రెచ్చగొడతాయి. ఈ చక్రం ఎక్కడ తెంచవచ్చునన్నదే చికిత్సా పరిశోధన సారాంశం. కైనురెనిన్ మోనాక్సిజనేజ్ అనే ఎంజైమును నిరోధించినపుడు ఎలుకలలో పలు అవయవాలకు రక్షణ కలిగినట్లు 2016లో వెలువడిన ఫలితం ఈ దిశలో ఆశాజనకమైనది.

కొలతల విషయానికి వస్తే మనిషికి, జంతువుకు మధ్య పెద్ద అంతరం కనిపిస్తుంది. రోగిలో ధమని రక్తపు ఆక్సిజన్ పీడనానికి, పీల్చే గాలిలోని ఆక్సిజన్ భాగానికి గల నిష్పత్తి 300 లేదా అంతకు తక్కువైతే, ద్రవాలు ఎక్కించినా సిస్టాలిక్ రక్తపోటు 90కి చేరకపోతే, క్రియాటినిన్ డెసిలీటరుకు 1.9 మిల్లీగ్రాములు మించితే ఆయా అవయవం విఫలమైనట్లు లెక్క. ఎలుకలపై వచ్చే వ్యాసాలలో అధికభాగం ఊపిరితిత్తి తడి-పొడి బరువుల నిష్పత్తిని, మైలోపెరాక్సిడేజ్ చర్యను, సూక్ష్మదర్శినిలో కనిపించే వాపును కొలుస్తాయి. ఇవి గాయానికి సూచికలే గాని వైఫల్యానికి సూచికలు కావు. ఆకు పసుపుబారడాన్ని చూచి దిగుబడి నష్టాన్ని అంచనా వేయడం వంటిది ఇది. సంబంధం ఉండవచ్చును, కాని రెండూ ఒకటి కావు. రక్తంలోని అమైలేజ్ పెరుగుదల రోగ నిర్ధారణకు ఉపకరిస్తుందే తప్ప తీవ్రతను తెలుపదు. అయినప్పటికీ అమైలేజ్ తగ్గింది గనుక మందు పనిచేసిందని ముగించే నివేదికలు నేటికీ కనిపిస్తున్నాయి.

5. వ్యవసాయరంగంతో ఒక ప్రత్యక్ష సంబంధం

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు కోలినెస్టరేజ్ ఎంజైమును నిరోధిస్తాయని విస్తరణ శాస్త్రజ్ఞులందరికీ తెలిసినదే. ఫలితంగా ఎసిటైల్‌కోలిన్ పేరుకొని, నరాల సంకేతం ఆగకుండా కొనసాగుతుంది. లాలాజలం కారడం, కంటిపాప కుంచించుకుపోవడం దీని లక్షణాలు. ఇదే సంకేతం క్లోమానికి కూడా అందుతుంది. డయాజినాన్ అనే మందుతో కుక్కలలో క్లోమశోథ కలిగినట్లు 1979లోనే నివేదించారు. ఈ మందుల విషప్రభావానికి గురైన రోగులలో కూడా క్లోమశోథను వైద్యులు గుర్తించారు. సెరులిన్ నమూనాలో వలెనే ఇక్కడ కూడా మూలం అతిప్రేరణ.

తెలుగు రాష్ట్రాలలో పిచికారీ వేళ, లేదా ప్రాణం తీసుకొనే ప్రయత్నంలో పురుగుమందు విషానికి లోనయ్యే రైతుల సంగతి మనకు కొత్త కాదు. అటువంటి వ్యక్తి కడుపునొప్పిని విషం వల్ల కలిగే సాధారణ బాధగా కొట్టివేయకుండా వైద్యుని దృష్టికి తేవలెనని, మందు డబ్బాను ఆసుపత్రికి వెంట తీసుకుపోవలెనని శిక్షణా కార్యక్రమాలలో చెప్పడం మన బాధ్యత.

6. జంతువు నుండి రోగికి: రెండు పాఠాలు

6.1 లెక్సిపాఫాంట్

రక్త ఫలకికలను ఉత్తేజపరచే కారకాన్ని నిరోధించే ఈ మందు జంతువులలోను, రోగులపై జరిగిన తొలి చిన్న అధ్యయనాలలోను ఆశ కలిగించింది. 290 మంది రోగులపై జరిగిన పెద్ద అధ్యయన ఫలితాలు 2001లో వెలువడ్డాయి. అవయవ వైఫల్యం మందు ఇచ్చిన వర్గంలోను, ఇవ్వని వర్గంలోను ఇంచుమించు సమానంగానే ఉంది. అధ్యయనంలో చేరే నాటికే 44 శాతం రోగులలో అవయవ వైఫల్యం ఉన్నట్లు తేలడం అందులోని అతి ముఖ్య విషయం. జంతు ప్రయోగాలలో మందును సాధారణంగా వ్యాధికి ముందో, వెనువెంటనో ఇస్తారు. రోగి మాత్రం ఇల్లు తగులబడిన తరువాత వస్తాడు. తెగులు రాకముందు పిచికారీ చేసిన మందు ఫలితాన్ని చూపి, తెగులు ముదిరిన చేనుకు సిఫారసు చేయడం ఎంత తప్పో ఇదీ అంత తప్పు.

6.2 ప్రోబయాటిక్స్

మేలుచేసే బాక్టీరియాను ఆహారనాళం ద్వారా ఇచ్చినట్లయితే హానికర బాక్టీరియా పేగు దాటకుండా ఆపవచ్చునన్నది సహేతుకమైన ఆలోచనే. ఎలుకలలో అది ఫలించింది. అయితే ఆ ప్రయోగంలో వ్యాధి కలిగించక ముందునుంచే ప్రోబయాటిక్స్ ఇచ్చారు. నెదర్లాండ్స్‌లోని 15 ఆసుపత్రులలో జరిగిన రోగుల అధ్యయనం 2008లో వెలువడింది. ప్రోబయాటిక్స్ పొందిన వర్గంలో 16 శాతం, పొందని వర్గంలో 6 శాతం మరణించారు. మొదటి వర్గంలో తొమ్మిది మందికి పేగుకు రక్తం అందక కణజాలం దెబ్బతిన్నది. రెండవ వర్గంలో ఒక్కరికీ అలా జరగలేదు. నిరపాయకరమని అందరూ భావించిన పదార్థం, రక్తం చాలని పేగులో అపాయకారిగా పరిణమించినట్లు కనబడుతుంది. జంతు నమూనా అబద్ధం చెప్పలేదు. అది అడిగిన ప్రశ్నకే సమాధానమిచ్చింది. మనము అడిగిన ప్రశ్న వేరు, రోగికి కావలసిన సమాధానం వేరు.

7. ప్రయోగ రూపకల్పన: మడి నుండి పంజరానికి

నైతిక సంఘం ముందుకు వచ్చిన ఒక ప్రతిపాదనలో 24 చిట్టెలుకలను, పంజరానికి ఆరు చొప్పున, నాలుగు పంజరాలలో ఉంచి, రెండు పంజరాలకు సాధారణ మేత, రెండింటికి కోలిన్ లేని మేత పెట్టదలచారు. వర్గానికి 12 ఆవృతులున్నట్లు విశ్లేషణ పట్టిక చూపింది. నిజానికి మేతను కేటాయించినది పంజరానికే గాని జంతువుకు కాదు. కావున ప్రయోగ యూనిట్ పంజరం. వర్గానికి ఉన్న ఆవృతులు రెండే. దోష స్వాతంత్ర్య కోటులు 22 కావు, 2 మాత్రమే. అవే 24 జంతువులను రెండేసి చొప్పున 12 పంజరాలలో ఉంచితే వర్గానికి ఆరు ఆవృతులు, దోషానికి 10 స్వాతంత్ర్య కోటులు లభిస్తాయి. జంతువుల సంఖ్య పెరగలేదు. సమాచారం పెరిగింది.

ఈ మాట చెప్పే అర్హత వ్యాసకర్తకు తన తప్పు వల్లనే వచ్చింది. విద్యార్థి దశలో ఒక నత్రజని ప్రయోగంలో ప్రతి మడి నుండి పది మొక్కలను కొలిచి, ఆ పదింటినీ ఆవృతులుగా లెక్కించి గురువుగారికి చూపడం జరిగింది. వారు కాగితం చూచి, “మందు చల్లింది మొక్కకా, మడికా?” అని మాత్రమే అడిగారు. ఒక పంట కాలం వృథా అయినది. అదే తప్పు ఎలుకలతో జరిగితే వృథా అయ్యేది కాలం మాత్రమే కాదు.

టారోకోలేట్ నమూనాలో మరొక సమస్య ఉంది. రోజుకు కొద్ది జంతువులకే శస్త్రచికిత్స చేయగలము. ఒక సంస్థలో కంట్రోల్ వర్గమంతటినీ ఒక వారం, మందు ఇచ్చే వర్గమంతటినీ తరువాతి వారం ముగించారు. ఈలోగా శస్త్రచికిత్స చేసే విద్యార్థి చేయి కుదుటపడింది. మరణాలు తగ్గినది మందు వల్లనో, నైపుణ్యం వల్లనో చెప్పే మార్గం లేకపోయింది. ఆ జంతువుల ప్రాణానికి ఫలం దక్కలేదు. దీనికి పరిష్కారం మనకు తెలిసినదే. శస్త్రచికిత్స జరిగే రోజును బ్లాకుగా తీసుకొనవలెను. వ్యాధి కలిగించకుండా ఉదరం మాత్రం తెరచి మూసినది, వ్యాధి మాత్రమే, వ్యాధితో తక్కువ మోతాదు, వ్యాధితో ఎక్కువ మోతాదు అను నాలుగు వర్గాలలో రోజుకు ఒక్కొక్క జంతువు చొప్పున, వరుసను ప్రతిరోజూ చీటీ తీసి నిర్ణయించి, ఎనిమిది రోజులు చేసినట్లయితే 32 జంతువులతో యాదృచ్ఛిక సంపూర్ణ బ్లాకుల ప్రయోగం పూర్తవుతుంది. దోషానికి 21 స్వాతంత్ర్య కోటులు మిగులుతాయి. రోజుల మధ్య తేడా దోషం నుండి విడిపోతుంది.

వీటితో పాటు ఈ క్రింది అంశాలు పాటించదగినవి.

(అ) సూక్ష్మదర్శిని పరీక్ష చేసే వ్యక్తికి ఏ నమూనా ఏ వర్గానిదో తెలియరాదు.

(ఆ) మందును వ్యాధి స్థిరపడిన తరువాత కూడా ఇచ్చి పరీక్షించవలెను.

(ఇ) వేర్వేరు మార్గాలలో వ్యాధిని కలిగించే కనీసం రెండు నమూనాలలో ఫలితం కనబడవలెను. ఒకే పరిశోధనా క్షేత్రంలో గెలిచిన వంగడాన్ని రాష్ట్రమంతటికీ సిఫారసు చేయము కదా.

(ఈ) ఆడ, మగ జంతువులను రెండింటినీ, వీలయితే వయసు మళ్ళిన, స్థూలకాయ జంతువులను కూడా చేర్చవలెను.

(ఉ) రోగికి ఇచ్చే సెలైన్, నొప్పి నివారణ వంటి ప్రాథమిక సంరక్షణ జంతువులకు కూడా ఇవ్వవలెను. సంరక్షణ లేని జంతువులో మేలు చేసిన మందు, సంరక్షణలో ఉన్న రోగికి అదనంగా ఏమీ చేయకపోవచ్చు.

8. నైతిక బాధ్యత

1959లో రస్సెల్, బర్చ్ ప్రతిపాదించిన మూడు సూత్రాలు, అనగా వీలయినచోట జంతువుకు ప్రత్యామ్నాయం వాడడం, సంఖ్యను తగ్గించడం, బాధను తగ్గించడం, నేటికీ మార్గదర్శకాలు. మన దేశంలో 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, 1998 నాటి నియమాలు ఈ ప్రయోగాలను పర్యవేక్షిస్తున్నాయి. నివేదికలు ఎలా రాయవలెనన్నదానికి 2010లో వెలువడి 2020లో సవరించబడిన అరైవ్ మార్గదర్శకాలు అందుబాటులో ఉన్నాయి.

క్లోమశోథ అత్యంత బాధాకరమైన వ్యాధులలో ఒకటి. నొప్పి నివారణ మందు ఇచ్చినట్లయితే ఫలితం మారుతుందన్న వాదన ఈ రంగంలో తరచుగా వినవస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. మార్ఫిన్ చిట్టెలుకలలో క్లోమశోథను తీవ్రతరం చేసినట్లు 2018లో వెల్లడయింది. అయితే రోగులందరికీ నొప్పి మందులు ఇస్తూనే ఉన్నారు. నొప్పి మందు లేని జంతువు రోగికి సరైన నమూనా కాదన్నది శాస్త్రపరమైన వాదన కూడా. సరైన మందును ఎంచుకొని, అన్ని వర్గాలకు సమానంగా ఇవ్వడం దీనికి పరిష్కారం. మరణాన్ని కొలమానంగా తీసుకొనుటకు బదులు, బరువు తగ్గుదల, కదలిక, శ్వాస ఆధారంగా ముందే నిర్ణయించిన దశలో జంతువును బాధారహితంగా ముగింపుకు చేర్చవలెను.

9. ముగింపు

తీవ్ర ఆకస్మిక క్లోమశోథకు సర్వవిధాల సరిపోయే జంతు నమూనా ఏదీ లేదు. కణంలో జరిగే తొలి మార్పులకు సెరులిన్, నాళపు అడ్డంకికి ఒపోసమ్, అవయవ గాయానికి టారోకోలేట్, ఇంటెన్సివ్ కేర్ చర్యలకు పంది, స్థూలకాయుల వ్యాధికి కొవ్వు నమూనాలు అన్న విధంగా ప్రశ్నను బట్టి నమూనాను ఎంచుకొనవలెను గాని, చేతిలో ఉన్న నమూనాను బట్టి ప్రశ్నను కాదు.

కుండీలో ఫలించినది మడిలో, మడిలో ఫలించినది రైతు పొలంలో ఫలించకపోవచ్చునని విస్తరణ శాస్త్రజ్ఞులకు వేరుగా చెప్పనవసరం లేదు. అందువలననే మనము బహుళ ప్రాంతీయ పరీక్షలను, రైతు క్షేత్రాలలో పరిశీలనలను దాటకుండా సిఫారసు చేయము. పశువైద్య, జీవశాస్త్ర విభాగాల విద్యార్థులు తమ ప్రతిపాదనలు రాసేటపుడు సస్యశాస్త్ర, గణాంకశాస్త్ర విభాగాల తలుపు ఒకసారి తట్టవలసిందిగా సూచన. ఎందుకనగా, ప్రయోగ యూనిట్ ఏదో తేల్చుకొనుటకు పట్టే అరగంట, పంజరంలోని జంతువుకు, ఆసుపత్రి మంచంపైనున్న రోగికి కూడా మనము చెల్లించవలసిన బాకీ.